ఎనర్జీ స్ప్రెడ్ పెద్దదైనప్పుడు ట్రాకింగ్ కోడ్‌ను ఎక్కడెక్కడ అనుమానించాలి

మీ ప్రశ్న ఏమిటో మిగతావాళ్లకు తెలియడానికి ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నారు. లేజర్-ప్లాస్మా పద్ధతిలో పుట్టే ఎలక్ట్రాన్ బీమ్‌ను మూడు క్వాడ్రుపోల్‌లు (బీమ్‌ను కటకంలా కూడగట్టే అయస్కాంతాలు, క్లుప్తంగా క్వాడ్‌లు), ఆ తరవాత ఒక 30 డిగ్రీల డైపోల్ (బీమ్‌ను వంచే అయస్కాంతం) గుండా పంపి చివర స్క్రీన్ మీద చూడాలి. సగటు శక్తి 200 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు). ఎనర్జీ స్ప్రెడ్, అంటే కణాల శక్తుల మధ్య చెదురు, ఆర్‌ఎంఎస్‌లో (తేడాల వర్గాల సగటుకు వర్గమూలం) 10 శాతం, పైగా కింది వైపు 80 ఎంఈవీ దాకా సాగిన తోక ఉంది. దీన్ని ఎలిగెంట్ అనే ట్రాకింగ్ కోడ్‌లో (కణాల దారిని లెక్కగట్టే ప్రోగ్రామ్) మామూలు మ్యాట్రిక్స్ ఎలిమెంట్లతో (ప్రతి అయస్కాంతానికీ ఒక గుణకాల పట్టిక) ఒకసారి, కాలంలో అడుగులు వేసుకుంటూ పోయే ఇంకో కోడ్‌తో మరోసారి నడిపారు. రెండూ కలవడం లేదు. క్వాడ్‌ల ముందున్న ఒక మీటరు ఖాళీ డ్రిఫ్ట్‌లోనే నార్మలైజ్డ్ ఎమిటెన్స్ (బీమ్ స్థానాల్లో, కోణాల్లో కలిపి ఎంత పరచుకుందో చెప్పే కొలత) ఒకదాంట్లో 1 మిల్లీమీటర్-మిల్లీరేడియన్ దగ్గరే నిలిచింది, రెండోదాంట్లో 39కి పోయింది. స్క్రీన్ మీద బొమ్మలకు పోలికే లేదు. "రెండిట్లో ఏ సాఫ్ట్‌వేర్‌ది తప్పు సార్? గైడ్‌కి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

టెన్షన్ పడకండి. ఎమిటెన్స్ విషయంలో రెండూ తప్పు కాదు. స్క్రీన్ విషయంలో మ్యాట్రిక్స్ రన్ తప్పే, అయితే అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. దాన్ని ఏ పనికి తయారు చేశారో ఆ పనికి కాకుండా వేరే పనికి వాడారు. స్వామి జ్ఞానానంద గారు న్యూక్లియర్ ఫిజిక్స్‌కు పునాది వేసిన చోటు నుంచి ఇలాంటి ప్రశ్న వచ్చినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఒక మాట ముందే మనసులో పెట్టుకోండి. ఇంత ఎనర్జీ స్ప్రెడ్ ఉన్నప్పుడు మీ దగ్గర ఉన్నది ఒక బీమ్ కాదు. ఒకే గొట్టంలో, ఒకే అయస్కాంతాల మధ్య, ఒకేసారి పోతున్న అనేక బీమ్‌లు. ట్రాకింగ్ కోడ్‌లు, ముఖ్యంగా పాతవి, "ఇది ఒక్కటే బీమ్, మిగతా కణాలన్నీ మధ్య కణానికి కొంచెం అటూ ఇటూ" అన్న నమ్మకం మీద కట్టినవి. ఆ "కొంచెం" ఎక్కడెక్కడ దాక్కుని ఉందో వెతకడమే మీ పని.

ఆ నమ్మకం ఎందుకు వచ్చిందంటే, ఎలక్ట్రాన్ స్టోరేజ్ రింగ్‌లో ఎనర్జీ స్ప్రెడ్ దాదాపు 0.1 శాతం ఉంటుంది. డెల్టా అంటే కణం మొమెంటంకు, రిఫరెన్స్ మొమెంటంకు ఉన్న తేడాను రిఫరెన్స్ మొమెంటంతో భాగించిన సంఖ్య. అది వెయ్యిలో ఒక వంతు అయితే దాని వర్గం పదిలక్షల్లో ఒక వంతు. దాన్ని వదిలేసినా, ఉంచినా పెద్ద తేడా ఉండదు. 1960ల్లో అమెరికాలోని స్లాక్ యాక్సిలరేటర్ ల్యాబ్‌లో కార్ల్ బ్రౌన్ మొదటి, రెండో ఆర్డర్ (డెల్టా లాంటి తేడాల మొదటి, రెండో ఘాతం దాకా) మ్యాట్రిక్స్ సిద్ధాంతాన్ని పద్ధతిగా కూర్చినప్పుడు చేతిలో ఉన్న బీమ్‌లకు అది బ్రహ్మాండంగా సరిపోయింది, ఇప్పటికీ అలాంటి బీమ్‌లకు సరిపోతుంది. మీ తోక చివర డెల్టా మైనస్ 0.6. దాని వర్గం 0.36. దాన్ని "చిన్నది" అని ఎవరూ అనలేరు.

ముందు ఎమిటెన్స్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది అదే. మీరు జోడించిన రెండు పోస్ట్-ప్రాసెసింగ్ స్క్రిప్టులూ చూశాను. మొదటిది కణం స్థానం, వాలు (అక్షానికి ఎంత ఏటవాలుగా పోతోందో) తీసుకుని ఎమిటెన్స్ కట్టి, చివర్లో దాన్ని సగటు గామాతో (కణం శక్తి దాని నిశ్చల శక్తికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) గుణిస్తోంది. రెండోది స్థానం, అడ్డ మొమెంటం తీసుకుని నేరుగా కడుతోంది. స్ప్రెడ్ చిన్నదైతే రెండూ ఒకటే. పెద్దదైతే రెండూ వేరువేరు రాశులు. ఖాళీ డ్రిఫ్ట్‌లో కణం వాలు మారదు, కాబట్టి మొదటి లెక్క ఒక మీటరు పోయినా పది మీటర్లు పోయినా కదలదు. రెండో లెక్కలో మాత్రం, ఒకే అడ్డ మొమెంటం ఉన్న రెండు కణాలలో తక్కువ శక్తిది ఎక్కువ వాలుతో పోతుంది, ఎక్కువ శక్తిది తక్కువ వాలుతో పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఫేజ్ స్పేస్‌లో (స్థానం ఒక అక్షంగా, మొమెంటం ఇంకో అక్షంగా గీసిన బొమ్మ) ఒక్కో శక్తికి చెందిన ఎలిప్స్ ఒక్కో కోణంలో వాలిపోతుంది. అన్నిటినీ కలిపి చూస్తే చేతి విసనకర్ర విచ్చుకున్నట్టు కనిపిస్తుంది. ఏ ఒక్క ఎలిప్స్ వైశాల్యమూ పెరగలేదు, వాటన్నిటినీ చుట్టే బొమ్మ పెరిగింది.

దీన్ని 2013లో మిగ్లియొరాటీ, సహచరులు లేజర్‌తో నడిచే యాక్సిలరేటర్ల కోసం చక్కని సూత్రంగా రాశారు. నార్మలైజ్డ్ ఎమిటెన్స్ వర్గంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి మామూలు ఎమిటెన్స్ భాగం. రెండోది సగటు గామా, దూరం, సాపేక్ష ఎనర్జీ స్ప్రెడ్, డైవర్జెన్స్ (కోణాల చెదురు) వర్గం, ఈ నాలుగింటి గుణకారం మొత్తానికి వర్గం. మీ అంకెలు వేసి చూడండి. గామా దాదాపు 392. దూరం 1 మీటరు. స్ప్రెడ్ 0.1. డైవర్జెన్స్ 1 మిల్లీరేడియన్, దాని వర్గం పది లక్షల్లో ఒక వంతు. గుణిస్తే 39 మిల్లీమీటర్-మిల్లీరేడియన్. మీ రెండో కోడ్ చెప్పింది సరిగ్గా అదే. అంటే మీ కోడ్‌లో బగ్ లేదు. పైగా మీకు తెలియకుండానే ఒక సైద్ధాంతిక సూత్రాన్ని సరిచూశారు. గైడ్‌కి ఈ లెక్కే చూపించండి.

ఇందులో డిజైన్‌కు పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది. ఆ రెండో భాగంలో డైవర్జెన్స్ వర్గంగా వస్తుంది, దూరం మామూలుగా వస్తుంది. మొదటి క్వాడ్‌ను ప్లాస్మా మూలానికి ఎంత దగ్గరగా జరపగలిగితే అంత మేలు. ఒక మీటరు ఖాళీ ఎందుకు వదిలారో రాయలేదు. వాక్యూమ్ ఛాంబర్ అడ్డం వస్తోందంటే శాశ్వత అయస్కాంత క్వాడ్‌లు ఛాంబర్ లోపలే పెట్టడం గురించి ఆలోచించండి. లేజర్-ప్లాస్మా ప్రయోగాలలో అలా చేస్తారు.

ఇక క్వాడ్రుపోల్‌లు. వాలును చలరాశిగా తీసుకుంటే క్వాడ్ కొట్టే దెబ్బ 1/(1+డెల్టా) లెక్కన మారుతుంది. తక్కువ శక్తి కణాన్ని గట్టిగా వంచుతుంది. మొదటి ఆర్డర్ మ్యాట్రిక్స్‌కు ఈ సంగతే తెలియదు, 80 ఎంఈవీ కణానికీ 200 ఎంఈవీ కణానికీ ఒకే కటకం చూపిస్తుంది. రెండో ఆర్డర్‌లో దెబ్బ బలం 1 మైనస్ డెల్టా అవుతుంది. మూడో ఆర్డర్‌లో దానికి డెల్టా వర్గం కూడా చేరుతుంది. పలుచని క్వాడ్ అనుకుని అంకెలు పెట్టి చూద్దాం. డెల్టా ప్లస్ 0.3 దగ్గర అసలు బలం 0.769. రెండో ఆర్డర్ 0.7 అంటుంది, మూడో ఆర్డర్ 0.79 అంటుంది. సర్దుకోవచ్చేమో అనిపిస్తుంది. డెల్టా మైనస్ 0.5 దగ్గర అసలు బలం 2. రెండో ఆర్డర్ 1.5, మూడో ఆర్డర్ 1.75. మీ తోక చివర, మైనస్ 0.6 దగ్గర, అసలు బలం 2.5 అయితే రెండో ఆర్డర్ 1.6 దగ్గరే ఆగిపోయింది. ఇలాంటి తప్పుతో ఒకదాని వెనక ఒకటి మూడు క్వాడ్‌లు దాటాక ఆ కణం స్క్రీన్ మీద ఎక్కడ పడిందన్న మాటకు అర్థం ఉండదు.

గమనించండి, తప్పు రెండు వైపులా ఒకేలా లేదు. పై వైపు కొంచెం, కింది వైపు ఘోరం. ప్లాస్మా బీమ్‌లకు తోక ఉండేది కింది వైపే.

ఎలిగెంట్‌లో రన్ సెటప్‌లో డిఫాల్ట్ ఆర్డర్ 2 అని ఉంటుంది. మీరు దాన్ని ముట్టుకోలేదు. క్వాడ్ అన్న ఎలిమెంట్ మ్యాట్రిక్స్‌తో నడుస్తుంది. దాని బదులు కేక్వాడ్ వాడండి. అది అయస్కాంతాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో కణం అసలు మొమెంటంతోనే దెబ్బ, డ్రిఫ్ట్ లెక్క కడుతుంది. అక్కడ డెల్టాను శ్రేణిగా విస్తరించడం ఉండదు. డైపోల్‌కు ఎస్‌బెన్, ఆర్‌బెన్ బదులు సీఎస్‌బెండ్. డ్రిఫ్ట్ మీద మాత్రం మీ అనుమానం అక్కరలేదు. ఎలిగెంట్ వాలును చలరాశిగా వాడుతుంది కాబట్టి ఖాళీ జాగాలో అడ్డ స్థానం మ్యాట్రిక్స్‌తో కట్టినా కచ్చితంగానే వస్తుంది. కోణాలు మరీ పెద్దవైనప్పుడు ప్రయాణ దూరం కోసం ఈడ్రిఫ్ట్ పెట్టుకోవచ్చు.

ముక్కల సంఖ్య గురించి ఒక జాగ్రత్త. చాలామంది రిఫరెన్స్ కణంతో పరీక్షించి "నాలుగు ముక్కలు చాలు" అని తేల్చేస్తారు. మీకు పరీక్ష పెట్టాల్సింది 80 ఎంఈవీ కణంతో, ఎందుకంటే దానికి క్వాడ్ రెండున్నర రెట్లు బలంగా ఉంటుంది. ముక్కలు రెట్టింపు చేస్తూ పోండి. ఆ కణం స్క్రీన్ మీద పడే చోటు మీ కెమెరా పిక్సెల్ కన్నా తక్కువ కదిలే దాకా చేయండి, అక్కడ ఆపండి. లెక్క సింప్లెక్టిక్ (ఫేజ్ స్పేస్ వైశాల్యాన్ని చెడగొట్టనిది) అవునా కాదా అన్న చర్చ లక్షల చుట్లు తిరిగే రింగ్‌కు ప్రాణం. ఒక్కసారి పోయే మీ లైన్‌కు కచ్చితత్వమే ముఖ్యం.

మ్యాడ్-ఎక్స్ అనే ఇంకో కోడ్ వాడే మిత్రులకు కూడా ఒక మాట. అందులోని పీటీసీ అనే ట్రాకింగ్ భాగంలో లేఅవుట్ తయారు చేసేటప్పుడు ఎగ్జాక్ట్ అన్న ఆప్షన్‌కు ట్రూ అని పెట్టుకోండి. అయితే "ఎగ్జాక్ట్ కాని హామిల్టోనియన్" (హామిల్టోనియన్ అంటే కణం కదలికను నడిపే ఫార్ములా) అంటే డెల్టాను విస్తరించినదని చాలామంది పొరబడతారు. చాలా కోడ్‌లలో అక్కడ విస్తరించేది కోణాలను. వర్గమూలాన్ని వదిలి, అడ్డ మొమెంటం వర్గాన్ని 2(1+డెల్టా)తో భాగించి పెడతారు, డెల్టా మాత్రం పూర్తిగానే ఉంటుంది. కోణం చిన్నది అనే ఉజ్జాయింపు ఒకటి, డెల్టా చిన్నది అనే ఉజ్జాయింపు మరొకటి. మాన్యువల్ చదివేటప్పుడు ఈ రెంటినీ విడదీసి చూడాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మ్యాడ్-ఎక్స్‌లో పీటీ అన్న చలరాశి శక్తి తేడాను రిఫరెన్స్ మొమెంటం, కాంతి వేగాల గుణకారంతో భాగించినది. 200 ఎంఈవీ ఎలక్ట్రాన్‌కు దానికీ డెల్టాకూ తేడా దాదాపు లేదు. అదే 230 ఎంఈవీ ప్రోటాన్ అయితే గతిశక్తిలో 10 శాతం తేడా మొమెంటంలో దాదాపు 5.5 శాతమే. ప్రోటాన్ చికిత్స లైన్ల మీద పనిచేసేవాళ్లు ఫైలు ఒక కోడ్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఇది చూసుకోకుండా గతిశక్తి తేడానే డెల్టాగా పెడితే బీమ్ దాదాపు రెండు రెట్లు వెడల్పుగా కనిపిస్తుంది.

ఇప్పుడు డైపోల్. మీ బొమ్మలు కలవకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కూడా ఇదే.

మీది సమాంతర ముఖాలున్న అయస్కాంతం, బీమ్ ముఖానికి లంబంగా లోపలికి వస్తుంది. అప్పుడు వంపు కోణం సైన్ విలువ అయస్కాంతం పొడవును వృత్త వ్యాసార్ధంతో భాగించినంత. 30 డిగ్రీలకు సైన్ 0.5 కాబట్టి పొడవు వ్యాసార్ధంలో సగం. మొమెంటం మారితే వ్యాసార్ధం మారుతుంది, కాబట్టి సైన్ విలువ 0.5/(1+డెల్టా). కాగితం మీద నాలుగు అంకెలు వేసుకోండి. డెల్టా ప్లస్ 0.5 కణం 19.5 డిగ్రీలు వంగుతుంది. మైనస్ 0.2 కణం 38.7 డిగ్రీలు. మైనస్ 0.4 కణం 56.4 డిగ్రీలు. మొదటి ఆర్డర్ లెక్క ఈ చివరి కణానికి 43 డిగ్రీలే చెబుతుంది. అంటే 13 డిగ్రీల తేడా. ఒక మీటరు దూరంలో స్క్రీన్ ఉంటే ఆ కణాన్ని అసలు వేరే గోడ మీద వెతకాలి.

మైనస్ 0.5 దగ్గర ఏమవుతుందో చూడండి. సైన్ విలువ 1. కోణం 90 డిగ్రీలు. 100 ఎంఈవీ కణం అయస్కాంతం అవతలి ముఖాన్ని తాకీ తాకనట్టు వెళ్లి పక్కకు తిరిగిపోతుంది. అంతకన్నా తక్కువ శక్తి ఉన్న కణం అర్ధవృత్తం తిరిగి వచ్చిన ముఖం వైపే వెనక్కి వచ్చేస్తుంది. మీ తోక 80 ఎంఈవీ దాకా ఉంది. అంటే మీ బీమ్‌లో ఒక భాగం డైపోల్ నుంచి బయటికే రాదు. మ్యాట్రిక్స్ రన్ మాత్రం వాటన్నిటినీ బుద్ధిగా స్క్రీన్ మీదికి చేర్చి చూపించింది, ఎందుకంటే మ్యాట్రిక్స్‌కు "రాదు" అన్న జవాబే లేదు. ఏ అంకె ఇచ్చినా గుణించి ఇంకో అంకె ఇస్తుంది.

"ఆర్డర్ పెంచుకుంటూ పోతే?" అని మీరు చివర్లో అడిగారు కదా. పెంచినా లాభం లేదు, దానికి గణితంలోనే కారణం ఉంది. డెల్టా మైనస్ 0.5 దగ్గర ఆ కోణం ఫార్ములా విరిగిపోతోంది. టేలర్ శ్రేణి సున్నా చుట్టూ, దగ్గరలో ఉన్న విరుపు ఎంత దూరంలో ఉందో అంత దూరం వరకే పనిచేస్తుంది. కాబట్టి డెల్టా మైనస్ 0.5 నుంచి ప్లస్ 0.5 వరకే ఈ శ్రేణి నిలబడుతుంది. ప్లస్ 0.6 దగ్గర కణం హాయిగా 18 డిగ్రీలు వంగి బయటికి పోతుంది, భౌతికంగా అక్కడ ఏ ఇబ్బందీ లేదు. అయినా శ్రేణి అక్కడ కూడా పనిచేయదు, పదాలు పెంచేకొద్దీ ఇంకా చెడుతుంది. అవతలి వైపున్న విరుపు ఇవతలి వైపు కూడా శ్రేణిని పట్టి ఆపుతుంది. ఈ సంగతి నాకు మొదటిసారి అర్థమైన రోజు ఇప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా హై ఆర్డర్ మ్యాప్ అంటే తప్పకుండా మెరుగైనదని నమ్మేవాణ్ణి.

స్థానాన్ని బట్టి ముందుకు నడిచే కోడ్‌లన్నిటికీ ఒక హద్దు ఉంది. కణం ఎప్పుడూ ముందుకే పోతుందని వాటి నమ్మకం. సీఎస్‌బెండ్ లాంటివి కోణం మరీ పెరిగితే ఆ కణం పోయిందని రాసుకుంటాయి. అది నిజాయితీ గల జవాబే, కానీ ఎక్కడికి పోయిందో చెప్పదు. వెనక్కి తిరిగిన కణాలు ఛాంబర్ గోడకు ఎక్కడ తగిలి ఎక్స్-రేలు పుట్టిస్తాయో మీకు కావాలంటే, కాలంలో అడుగులు వేసే జీపీటీ (జనరల్ పార్టికల్ ట్రేసర్) లాంటి కోడ్ కావాలి. గోడలో ఏం జరుగుతుందో కూడా కావాలంటే కణాలు పదార్థంలో ఏమవుతాయో లెక్కగట్టే జియాంట్4 మీద కట్టిన బీడీసిమ్, జీ4బీమ్‌లైన్ లాంటివి కావాలి. మీ డైపోల్ భాగానికి నా సలహా ఇదే. క్వాడ్‌ల దాకా కేక్వాడ్‌తో ఎలిగెంట్, అక్కడి నుంచి కణాల ఫైలు తీసుకుని, ఫీల్డ్ మ్యాప్‌తో కాలం కోడ్.

ఇక రిఫరెన్స్ మొమెంటం. సగటు తీసుకోవాలా అని అడిగారు. మన కొత్తవలస-కిరందుల్ లైన్ మీద అరకు వెళ్లినప్పుడు వంపుల దగ్గర పట్టాలు ఒక పక్కకు ఎత్తి ఉండటం గమనించే ఉంటారు. ఆ ఎత్తు ఏదో ఒక వేగానికే అచ్చంగా సరిపోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజంతో నెమ్మదిగా దిగే గూడ్సుకు అది ఎక్కువవుతుంది, ప్యాసింజర్ బండికి ఇంకోలా ఉంటుంది. కానీ పట్టా ఒక్కటే, బండిని బట్టి అది లేచి పడదు. అయస్కాంతం కూడా అంతే. కరెంటు ఒకసారి పెట్టాక ఫీల్డ్ అదే, కణాల సగటు మారినా మారదు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం మారిపోగలదు.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న విషయం. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో ట్రాన్స్‌పోర్ట్ లైన్ సిమ్యులేషన్ నాదే. ప్రతి ఎలిమెంట్ తరవాత రిఫరెన్స్ మొమెంటంను బీమ్ సగటుకు మార్చే ఆప్షన్ ఆన్‌లో పెట్టాను. ఎలిగెంట్‌లో ఆల్వేస్ చేంజ్ పీ0 అన్నది అదే. త్వరణం ఉన్న లైన్‌కు అది చాలా సౌకర్యం. నా లైన్‌లో కొలిమేటర్ (అంచు కణాలను ఆపే అడ్డు) ఉంది, అది కింది తోకను కోసేసింది. మిగిలిన కణాల సగటు 4 శాతం పైకి పోయింది. కోడ్‌కు క్వాడ్ బలంగా ఇచ్చేది కే1, అంటే ఫీల్డ్ వాలును రిఫరెన్స్ మొమెంటంతో భాగించిన అంకె. అది మారదు కాబట్టి, కోడ్ దృష్టిలో ఆ తరవాతి అయస్కాంతాల ఫీల్డ్ కూడా 4 శాతం పెరిగింది. నేను చూసుకోలేదు. కంప్యూటర్‌లో ఫోకస్ ముచ్చటగా కుదిరింది. హాల్లో ఆ ఫోకస్ రాలేదు. మూడు రాత్రులు అందరం పవర్ సప్లైలను అనుమానించాం. చివరికి తప్పు నా లాటిస్ ఫైలులో (అయస్కాంతాల వరుస రాసిన ఫైలు) ఒక్క లైను. నాతో మెలకువగా కూర్చున్న ఆపరేటర్లకు క్షమాపణ చెప్పాను.

అందుకని త్వరణం లేని లైన్‌లో రిఫరెన్స్ మొమెంటంను మీరే ఒక అంకెగా పెట్టి, దాన్ని కదలనివ్వకండి. ఆ అంకెను సగటు నుంచి తీసుకోకండి. ఏ శక్తి కణాలను మీరు కొలవాలనుకుంటున్నారో, అయస్కాంతాల కరెంటు ఏ శక్తికి పెడతారో, అది తీసుకోండి. మీ స్పెక్ట్రమ్‌లో శిఖరం 210 దగ్గర ఉంది, తోక వల్ల సగటు 200కి దిగింది. నేనైతే 210 పెడతాను.

పొడవైన లైన్ అయితే జవాబు వేరు. సెర్న్‌లో డిజైన్ చేసిన క్లిక్ అనే లీనియర్ కొలైడర్‌లో డ్రైవ్ బీమ్ (అసలు బీమ్‌కు శక్తినిచ్చే సహాయక బీమ్) 2.4 జీఈవీతో మొదలై శక్తిలో 90 శాతం దాకా ఇచ్చేస్తుంది. ఎక్కువ ఇచ్చిన కణాలు, దాదాపు ఇవ్వని కణాలు ఒకే లైన్‌లో పోతాయి. అక్కడ క్వాడ్‌లను అన్నిటికన్నా తక్కువ శక్తి మిగిలిన కణాలకు సరిపెడతారు. కారణం సులువు. 90 డిగ్రీల ఫోడో సెల్‌లో (కూడగట్టే క్వాడ్, చెదరగొట్టే క్వాడ్ ఒకదాని తరవాత ఒకటి వచ్చే జత; డిగ్రీలు ఒక సెల్‌లో కణం ఊపు ఎంత ముందుకు జరుగుతుందో చెబుతాయి) పలుచని కటకాల లెక్క ప్రకారం, డెల్టా మైనస్ 0.29 కన్నా కిందికి పోయిన కణం నిలకడ తప్పుతుంది, సెల్ సెల్‌కూ దాని ఊపు పెరిగిపోతుంది. ఎక్కువ శక్తి కణానికి మాత్రం ఫోకస్ తక్కువైనా నిలకడ ఉంటుంది. 60 డిగ్రీల సెల్ అయితే ఆ హద్దు మైనస్ 0.5. ముందు ముందు మీ లైన్‌ను పొడిగించాలనుకుంటే ఇది గుర్తు పెట్టుకోండి.

కణాలను పుట్టించే చోట కూడా ఒక చిన్న ఉచ్చు ఉంది. స్ప్రెడ్ 30 శాతం అని పెట్టి గాసియన్‌తో లక్ష కణాలు తీస్తే, సగటున 43 కణాలకు డెల్టా మైనస్ 1 కన్నా తక్కువ వస్తుంది. అంటే నెగటివ్ మొమెంటం. కొన్ని కోడ్‌లు ఆగిపోతాయి, కొన్ని నోరెత్తకుండా నడుస్తాయి. మీ 10 శాతం గాసియన్‌కు ఆ ప్రమాదం లేదు, కానీ మీ తోక గాసియన్ కాదు. ప్లాస్మా సిమ్యులేషన్ నుంచి వచ్చిన అసలు కణాలనే ఫైలుగా లోపలికి తీసుకోండి. తోకలో కణాలు తక్కువగా ఉంటే అక్కడ ఎక్కువ మాక్రోపార్టికల్స్ (ఒక్కోటీ అనేక ఎలక్ట్రాన్లకు ప్రతినిధి) తీసి ఒక్కోదానికి తక్కువ బరువు ఇవ్వండి.

వేరువేరు శక్తుల కణాలు చేరే సమయాల్లో తేడా మీ 200 ఎంఈవీ దగ్గర పట్టించుకోనక్కరలేదు. ఇదే ప్రశ్న ఎలక్ట్రాన్ గన్ దగ్గర అడిగితే జవాబు మారుతుంది. 5 ఎంఈవీ, 2.5 ఎంఈవీ కణాలు ఒక మీటరు పోయేసరికి ఒక సెంటీమీటరు ఎడం వస్తుంది. 2856 మెగాహెర్ట్జ్ క్యావిటీలో (త్వరణం ఇచ్చే రేడియో తరంగాల గది) అది దాదాపు 35 డిగ్రీల ఫేజ్.

ఫలితం చదవడం గురించి చెప్పాలి, ఎందుకంటే కోడ్ అంతా సరిచేసుకున్నాక కూడా ఇక్కడ మోసపోవచ్చు. మొత్తం బీమ్‌కు ఒకే ఆర్‌ఎంఎస్ సైజు, ఒకే బీటా (ఎలిప్స్ ఆకారాన్ని చెప్పే అంకె), ఒకే ఎమిటెన్స్ కట్టకండి. వంద కణాలలో రెండు దూరంగా పడితే ఆర్‌ఎంఎస్ ఆ రెండిటి కథే చెబుతుంది. శక్తిని రెండేసి శాతం వెడల్పున్న స్లైస్‌లుగా కోసి, ఒక్కో స్లైస్‌కు సైజు, ట్విస్ పారామీటర్లు (బీటా, దాని తోటి అంకెలు), ఎమిటెన్స్ విడివిడిగా కట్టండి. అప్పుడు మీ 39 కాస్తా స్లైస్‌లలో దాదాపు 2.5కి దిగడం, ఇంకా సన్నగా కోస్తే మళ్లీ 1 వైపు పోవడం కంటితో చూస్తారు. స్క్రీన్ మీద ఒక దిక్కున శక్తి, ఇంకో దిక్కున బీమ్ వెడల్పు ఉంటాయి కదా. క్వాడ్‌లు ఫోకస్ చేసిన శక్తి దగ్గర సన్నని నడుము, అటూ ఇటూ విచ్చుకున్న రెక్కలు, సీతాకోకచిలుక ఆకారం కనిపించాలి. మీ కాలం కోడ్ బొమ్మలో అది ఉంది, మీరు దాన్ని "పాడైన బొమ్మ" అని రాశారు. అది పాడవలేదు. ఆ రెక్కల వంపు నుంచే ఒక్క షాట్‌లో ఎమిటెన్స్ కొలిచే పద్ధతి ఉంది. ఎనర్జీ స్ప్రెడ్ అక్కడ అడ్డంకి కాదు, అదే కొలబద్ద.

ఇంకో చోట కూడా ఈ సంగతి చూడవచ్చు. క్యాన్సర్ చికిత్సకు వాడే ఎక్కువ శక్తి లినాక్‌లలో (ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్లు) చాలావాటికి తల భాగంలో 270 డిగ్రీల వంపు అయస్కాంతం ఉంటుంది. 90 డిగ్రీలు తిప్పితే సరిపోయే చోట అంత చుట్టు ఎందుకంటే, వేరువేరు శక్తుల ఎలక్ట్రాన్‌లు వేరువేరు వలయాలు తిరిగి మళ్లీ టార్గెట్ మీద ఒకే చోట కలవాలి. విశాఖలో రేడియేషన్ చికిత్స విభాగాల్లో పనిచేసే మెడికల్ ఫిజిసిస్టులను ఎవరినైనా అడిగి, సర్వీస్ రోజున ఆ భాగం చూడగలిగితే చూడండి. పుస్తకంలో అక్రోమాట్ అని చదివినది కళ్ల ముందు కనిపిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. బీమ్‌ను పక్కన పెట్టండి. అక్షం మీద నుంచి అర మిల్లీమీటరు పక్కకు, వాలు లేకుండా, 61 కణాలు తీసుకోండి. డెల్టా మైనస్ 0.6 నుంచి ప్లస్ 0.6 దాకా 0.02 చొప్పున. ముందు ఒక్క క్వాడ్ గుండా, తరవాత ఒక్క డైపోల్ గుండా, మూడు రకాలుగా నడపండి: మ్యాట్రిక్స్ ఎలిమెంట్, ముక్కల ఎలిమెంట్, కాలం కోడ్. డైపోల్‌కు పైన చెప్పిన సైన్ ఫార్ములా నాలుగో గీతగా వేయండి. ఆ ఫార్ములా గట్టి అంచు ఉన్న ఏకరీతి ఫీల్డ్‌కు రాసినది కాబట్టి మొదటి పరీక్ష ఫ్రింజ్ ఫీల్డ్ (అంచు దాటి బయటికి పాకే ఫీల్డ్) లేకుండానే చేయండి, లేకపోతే రెండు తేడాలు కలిసిపోయి ఏది ఏదో తెలియదు. ఏ డెల్టా దగ్గర ఏ గీత విడిపోతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. స్పేస్ చార్జ్ (కణాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం) ఇప్పుడే ఆన్ చేయకండి, ఈ గీతలు కలిశాక దాని సంగతి చూద్దాం.

ఆ రెండు గ్రాఫ్‌లు, మీ డైపోల్ పోల్ వెడల్పు, ఛాంబర్ లోపలి కొలత పంపండి. 100 ఎంఈవీ కింది కణాలు గోడకు ఎక్కడ తగులుతాయో, అక్కడ ఎంత సీసం పెట్టాలో లెక్క వేయడం మొదలుపెడదాం.